పదకొండో అధ్యాయం ఎవరిది?

గ్రంథాలయ సంఘం అధ్యక్షులవారికి, ఈ సాయంత్రం మనందరం ఎవరి కోసం ఇక్కడ కూడామో ఆ ప్రూఫు మాస్టారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ఆదివారం బృందంలోని అక్కలకు, బాబాయిలకు, తమ్ముళ్ళకు, "పదిహేడేళ్ళుగా వారం వారం ఈ మేడ గదిలో వీళ్ళు వెలగబెడుతున్నది ఏమిటో చూసి వద్దాం" అని మొదటిసారి వచ్చిన వాళ్ళ ఇళ్ళవాళ్ళకు, అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మాట్లాడేవాళ్ళకి దగ్గరగా కూర్చోవాలంటే అందరికీ భయమే, నాకు తెలుసు, కానీ ఇవాళ భయపడాల్సింది మీరు కాదు. (నవ్వులు)

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. బస్టాండులో విచారణ కౌంటరు వెనక కూర్చుని, ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు మాట్లాడతాను, ఎవరూ వినరు, విన్నవాళ్ళు మళ్ళీ కౌంటరు దగ్గరికి వచ్చి అదే అడుగుతారు. అందుకని మైకంటే నాకు బెరుకు లేదు. అయినా ఇవాళ వేరు. అధ్యక్షులవారు "పది నిమిషాలు మాట్లాడమ్మా" అంటే "అయిదు చాలండీ" అన్నాను. పొగడ్తలకి అయిదు నిమిషాలు సరిపోతాయి. నేను చెప్పదలచుకున్నది ఆ తరవాత ఉంది, అక్కడిదాకా వెళ్ళగలనో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ముందు మాస్టారి సంగతి. ఈయన ముప్ఫై ఆరేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు, మందు సీసాల మీద అంటించే చీటీలు, ఏదొచ్చినా సరే, ఎర్ర పెన్ను తియ్యకుండా ఒక్క కాగితం చదవడం ఈయన వల్ల కాదు. మందుల షాపు తమ్ముడు తన కూతురి బడి నుంచి వచ్చిన మార్కుల కాగితం చూపించబోతే, పిల్ల మార్కులు చూడకుండా హెడ్మాస్టరుగారి సంతకం కింద ఉన్న తప్పు దిద్ది వెనక్కిచ్చారు. (నవ్వులు) నవ్వుతారేమిటి, తమ్ముడు దాన్ని అలాగే బడికి తీసుకెళ్ళాడు. ఇలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత పేపర్ల కట్టల మధ్య నలుగురిని కూర్చోబెట్టి, "అందరం కలిసి ఒక నవల రాద్దాం, ప్రేమకథ" అన్నారు. అప్పటికి మాలో ఎవరికీ నవల రాయడం తెలియదు, ప్రేమ సంగతి అడగనే వద్దు.

మేం పని చేసే పద్ధతి కొత్తవాళ్ళకి చెప్పాలి, లేకపోతే తరవాత నేను చెప్పేది అర్థం కాదు. ఏ రకం కథో అందరం కలిసి అనుకుంటాం. ఏ అధ్యాయం ఎవరు రాయాలో చీటీ తీస్తాం, ఎవరి చీటీలో ఏ అంకె వచ్చిందో పక్కవాళ్ళకి కూడా చెప్పకూడదు. రాసిన నోటుబుక్కు మాస్టారి చేతికి ఇవ్వాలి. ఆయన దాన్ని తన గుండ్రటి చేతిరాతతో తెల్లకాగితాల మీదికి ఎత్తి రాస్తారు, ఎందుకంటే చేతిరాత చూస్తే మనిషి తెలిసిపోతాడు కదా. ఆ పైన, ఆ కాగితాలు ఎవరు చదవాలో మళ్ళీ చీటీ. ఒక్కోసారి మనం రాసింది మనమే చదవాల్సి వస్తుంది, అప్పుడు కూడా ముఖంలో ఏమీ తెలియనివ్వకూడదు. అందరూ మన ముందే దాన్ని చీల్చి చెండాడతారు, మనమూ ఒక రాయి వెయ్యాలి. పుస్తకం అచ్చయ్యాక కూడా అట్ట మీద బృందం పేరే, లోపల ఎవరి పేరూ ఉండదు. రాసినవాళ్ళు ఔననకూడదు, కాదనకూడదు. అసలు నోటుబుక్కులు ఆ మూల ఆకుపచ్చ బీరువాలో ఉంటాయి, తాళంచెవి మాస్టారి దగ్గర.

మొదటిది హత్య చుట్టూ నడిచే ప్రేమకథ. హంతకుడెవరో తరవాత రాసేవాళ్ళు తేలుస్తారులే అని ప్రతివాళ్ళూ అనుకున్నారు. పదమూడు అధ్యాయాలయ్యేసరికి పదకొండు మంది మీద అనుమానం, ఒక్కరి మీదా రుజువు లేదు. చివరి అధ్యాయంలో, అంతవరకూ కథలోనే లేని వాచ్‌మన్‌ని పట్టుకెళ్ళి లోపల వేశారు. (నవ్వులు) దర్జీ అక్కా, తల దించుకోకు, అది నీదని ఎవరూ అనలేదు, నియమం నియమమే. రెండోది మామూలు ప్రేమకథ అనుకునే మొదలుపెట్టాం. మూడో అధ్యాయంలో ఎవరో హీరోకి జ్వరం తెప్పించి, పడని మందు ఇప్పించి చంపేశారు. ఆ మందు పేరు, మోతాదు, పూటకెన్నో కూడా వివరంగా రాశారు. రాసిందెవరో మాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. (మందుల షాపు తమ్ముడి వైపు చూసి అందరూ నవ్వుతారు) హీరో పోయాక ఏం చెయ్యాలి? వెనకటి అధ్యాయం మార్చే వీల్లేదు. అందుకని అది దయ్యం కథ అయి కూర్చుంది. కానీ ఒకటి చెబుతాను, ఆ నవలలోనే మాకు మొదటిసారి ప్రేమ రాయడం పట్టుబడింది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు డైలాగులతో నింపేశాం. మనిషి లేకపోయేసరికి, ఆవిడ అతని చొక్కా ఇస్త్రీ చేసి మడత పెట్టడం ఎందుకు మానలేదో రాయాల్సి వచ్చింది.

ఆ తరవాత రాజుల కాలం వెళ్ళాం, ఓడలెక్కాం, నవ్వించే ప్రేమకథ ఒకటి రాసి మేమే నవ్వుకున్నాం. ఏది రాసినా మాస్టారు ఒకటే అనేవారు. "ప్రేమిస్తున్నానని చెప్పించడానికి నవలెందుకమ్మా, ఒక వాక్యం చాలు. ఒకళ్ళకి తెలియకుండా ఇంకొకళ్ళు వాళ్ళ కోసం ఏం చేస్తున్నారో అది రాయండి. కత్తులు, రాకెట్లు, దయ్యాలు అన్నీ దాని చుట్టూ కట్టే గోడలు." ఈ మాట ఆయన కోపంగా అనేవారు. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది, మేం ముందుకు వంగి వినాల్సి వచ్చేది.

ఇక ఏడో నవల. మీలో చాలామంది చదివారు, చదవనివాళ్ళు చదివామని చెప్పారు. వేరే గ్రహానికి వెళ్ళిన మనిషి, భూమ్మీద అతని భార్య. అందులో పదకొండో అధ్యాయం గురించి అందరికీ తెలుసు. అతను అక్కణ్ణుంచి భార్యకి రాసిన ఉత్తరం, అది చేరడానికి నలభై ఏళ్ళు పడుతుంది. దాన్ని ఉత్తరం అధ్యాయం అంటారు. ఆ ఒక్క అధ్యాయం కోసం పుస్తకం మళ్ళీ వేశాం. ఇంతకుముందు మాట్లాడిన ఇద్దరు పెద్దలూ దాన్ని తలుచుకుని, తలుచుకున్నప్పుడల్లా నా వైపు చూశారు. అధ్యక్షులవారు ఇంకాసేపట్లో రెండు ప్రకటనలు చెయ్యబోతున్నారు. మాస్టారి స్థానంలో బృందం బాధ్యత నాదని ఒకటి. ఏడు నవలల్లోంచి ఒక్కో అధ్యాయం ఏరి వేస్తున్న సంపుటం రేపు పొద్దున్న అచ్చుకి వెళుతోందని రెండోది. ఈ సంపుటంలో మాత్రం, మొదటిసారిగా, రాసినవాళ్ళ పేర్లు వేస్తున్నాం.

మంచినీళ్ళు.

ఉత్తరం అధ్యాయం నేను రాయలేదు.

(నవ్వులు, అధ్యక్షులవారు లేవబోతారు) వద్దండీ, అధ్యక్షా, వినయం కాదు. కూర్చోండి. మీరు నవ్వకండి కూడా. రాయలేదంటే రాయలేదు. నాలుగేళ్ళుగా నేను రాశానని మీరంతా అనుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

ఎలా జరిగిందో చెబుతాను. ఆ ఆదివారం చదివే చీటీ నాకొచ్చింది. మాస్టారి చేతిరాతలో ఏడు కాగితాలు. నాలుగో కాగితానికి ఏడ్చాను, చివరిది ఎలా చదివానో నాకే తెలియదు. అయిపోయాక దర్జీ అక్క వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, "నీదేనని తెలిసిపోయిందే పిచ్చిదానా" అంది. నియమం ప్రకారం నేను ఔననకూడదు, కాదనకూడదు. నా జన్మలో ఏ నియమాన్నీ అంత శ్రద్ధగా పాటించలేదు. మొదటి వారం నియమం, రెండో వారం మొహమాటం, మూడో వారం నుంచీ దొంగతనమే. ఒక కాలేజీ వాళ్ళు ప్రేమ మీద మాట్లాడమని పిలిస్తే వెళ్ళాను కూడా. అక్కడ ఒక అమ్మాయి "ఆ ఉత్తరం ఎలా తట్టింది మేడమ్?" అని అడిగితే, కిటికీలోంచి బయటికి చూసి, "కొన్ని చెప్పలేం అమ్మా" అన్నాను. ఆ ఒక్క ముక్క నిజం.

ఇందులో రెండో సగం ఇంకా అధ్వాన్నం. ఆ నవలలో నా చీటీకి వచ్చింది తొమ్మిదో అధ్యాయం. గ్రహాల మధ్య తిరిగే బస్సులాంటి వాహనం, వెనక సీట్లో హీరోయిన్, హీరో వెళ్ళి "నా గుండెలో నీకు చివరి స్టాపు వరకూ టికెట్టు కొట్టేశాను" అంటాడు. అవును, అదే. ఈ గదిలో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో అదే. నాదని ఎవరూ పట్టుకోకూడదని మైకుల ఊసు ఎత్తకుండా, కావాలని టికెట్లు, విజిలు, స్టాపులు పెట్టి రాశాను. నాటకం బాగా పండింది. అందరూ మన బృందంలోని కండక్టరు బాబాయ్ రాశారనుకున్నారు. నాలుగేళ్ళుగా ఆయన్ని 'చివరి స్టాపు బాబాయ్' అంటున్నారు. నేనూ అన్నాను. బస్టాండులో డ్రైవర్ల ముందు, టీ కొట్టు దగ్గర, పది మందిలో అన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవారు. బాబాయ్, మూడో వరసలో ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. ఆ చెత్త నాది. నన్ను క్షమించండి.

దయచేసి ఎవరూ బాబాయ్ వైపు తిరిగి చూడకండి. వేళ్ళ మీద లెక్కలు కూడా వెయ్యకండి. పదకొండో అధ్యాయం రాసినవారెవరో ఇప్పుడు నాకు తెలుసు, పేరు చెప్పనని వారికి మాటిచ్చాను. నిన్న వారి దగ్గరికి వెళ్ళి, రేపు సభలో ఒప్పుకుంటానని చెప్పాను. "నీది నువ్వు చెప్పుకో అమ్మాయ్. నాది చెప్పకు. ఇప్పుడు చెబితే ఇంట్లో నమ్మరు" అన్నారు. అంతకన్నా ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. 'ఇక ముగించండి' అని ఉంది. ముగిస్తానండీ. కానీ మాస్టారి దగ్గర చేసింది ఇంకా చెప్పలేదు.

నోటుబుక్కులన్నీ ఎత్తి రాసింది ఈయన. తొమ్మిది ఎవరిదో పదకొండు ఎవరిదో మొదటి రోజు నుంచీ ఈయనకి తెలుసు. ఈయనకి తెలుసని నాకూ తెలుసు. ఆదివారం వస్తుందంటే శనివారం నుంచే నాకు భయం, రేపు చెప్పేస్తారేమో అని. నాలుగేళ్ళు ఈయన ఒక్క మాట అనలేదు, ఓరగా చూడలేదు, నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించలేదు. అది దయ అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. పీక మీద కత్తి పెట్టి కూర్చున్నారనుకున్నాను. నిజం చెప్పాలంటే మాస్టారూ, ఈ నాలుగేళ్ళలో నాకు మీరంటే ఇష్టం పోయింది. మిమ్మల్ని చూస్తే భయం, భయపెడుతున్నందుకు కోపం.

రెండు నెలల కిందట సంపుటానికి పేర్లు రాసే కాగితం చేతులు మారుతూ వచ్చింది. ఎవరి అధ్యాయానికి ఎదురుగా వాళ్ళు పేరు రాయాలి. నా దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం అధ్యాయానికి ఎదురుగా ఖాళీ ఉంది. రాశాను. నా చేత్తో నా పేరు రాశాను. అంతవరకూ ఊరుకోవడం, అప్పుడు మాత్రం రాయడం. కాగితం పక్కకి జరిగి మాస్టారి చేతికి వెళ్ళింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. నోరు తెరుస్తారని తెలిసిపోయింది, ఆయన కన్నా ముందు నేనే తెరిచాను. "పాపం, మాస్టారికి అక్షరాలు ఆనడం లేదు" అన్నాను. మీరంతా అయ్యో అన్నారు. నేను అక్కడితో ఆగలేదు. పోయిన పుస్తకంలో మిగిలిపోయిన ఆరు తప్పులు పేజీ నంబర్లతో సహా చెప్పాను, ఇంక ఆయన్ని శ్రమ పెట్టకూడదన్నాను, అందరూ తలలూపారు. ఆయన కాగితం పక్కవారికి ఇచ్చి, "నిజమేనమ్మా" అన్నారు. తరవాతి ఆదివారం రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. కళ్ళు సహకరించడం లేదు, సెలవు ఇప్పించండి అని.

ఈ వీడ్కోలు సభ అందుకు జరుగుతోంది. ఆయన కళ్ళ వల్ల కాదు.

(ఎవరో దగ్గడం)

వెళ్ళే ముందు ఆయన నాకు బీరువా తాళంచెవి ఇచ్చి, "తీరిక చేసుకుని ఒకసారి సర్దు తల్లీ" అన్నారు. సర్దుదామని తెరిస్తే నోటుబుక్కులన్నీ అధ్యాయాల వరసలో ఉన్నాయి, సర్దడానికి ఏమీ లేదు. పదకొండోది పైన పెట్టి ఉంది. తీసి చూశాను. అంతవరకూ ఎవరిదో తెలుసుకోవాలని కూడా నాకు అనిపించలేదు, ఎందుకంటే తెలిస్తే ఆ మనిషి ముఖం చూడాలి. చేతిరాత చూడగానే తెలిసిపోయింది. మాస్టారూ, మీరు నియమం తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. తాళంచెవి ఇచ్చి ఊరుకున్నారు. చేసేదేదో నా చేతే చేయిద్దామనుకున్నారు. కానీ ఇది కూడా చెప్పాలి, ఇవాళ కాకపోతే ఇంక చెప్పలేను. మీ నియమం తప్పు. అవతల ఒక మనిషి తన బతుకులోని మాట ఒకటి రాసుకుని, దాన్ని వేరేవాళ్ళు ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు, మీరు నోరు విప్పి ఉండాల్సింది. నా దొంగతనంలో మీ మౌనం కూడా ఉంది. ఈ మాట అన్నందుకు మీకు కోపం వస్తే, గట్టిగా కోప్పడండి, మాకు వినబడేలా.

ఇంకొక్క సంగతి. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఒకావిడ నా కౌంటరు దగ్గరికి వచ్చారు. బస్సు కోసం కాదు. చేతిలో ఏడో నవల, పదకొండో అధ్యాయం దగ్గర మడత. అద్దం కింది సందులోంచి నా వేళ్ళు పట్టుకుని, "ఎంత బాగా రాశావమ్మా, మగాళ్ళకి ఇవన్నీ ఎక్కడ పడతాయి" అన్నారు. ఒక చోటు వేలితో చూపించి, "మా ఇంట్లోనూ అచ్చం ఇంతే. కాకపోతే మా ఆయనకి పడుకుంటే ఒళ్ళు తెలీదు" అని నవ్వారు. ఆవిడెవరో అప్పుడు నాకు తెలియదు. "మీ అభిమానం అండీ" అన్నాను. ఆ మాట అన్న నోటితో ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాను.

ఆవిడ చూపించిన చోటు చదువుతాను. నాలుగేళ్ళ కిందట నా గొంతుతో విన్నారు కాబట్టి నాదనుకున్నారు, ఇప్పుడు నాది కాదని తెలిసి వినండి. "సెలవు మీద ఇంటికి వచ్చిన మధ్యాహ్నాలు నాకు ఇక్కడ ఎక్కువగా గుర్తొస్తాయి. నేను పడుకున్నాక నువ్వు గిన్నెలు కడిగేదానివి. ఒక్కొక్కటీ నీళ్ళలో ముంచి తీసి, ఒకదానికొకటి తగలకుండా గుడ్డ పరిచి దాని మీద బోర్లించేదానివి. గరిటె కూడా చప్పుడు చేసేది కాదు. నేను ఒళ్ళు మరిచి నిద్రపోతున్నానని నీ నమ్మకం. నేను కళ్ళు మూసుకుని మేలుకునే ఉండేవాణ్ణి. ఇంట్లో ఉండేది ఆ ఒక్క రోజు, లేచి నీతో మాట్లాడాలని ఉండేది. లేస్తే నువ్వు నా కోసం అంత జాగ్రత్తగా చేస్తున్నదంతా దండగయిపోతుందని లేచేవాణ్ణి కాదు. ఈ ఉత్తరం అందేసరికి మనం ముసలివాళ్ళమై ఉంటాం. అప్పుడైనా చెబుతున్నాను, నేను నిద్రపోలేదు."

(ఒక కాగితం పైకెత్తి చూపిస్తూ)

ఇది రేపు అచ్చుకి వెళ్ళే కాగితం. పైన 'ఉత్తరం' అని శీర్షిక, దాని కింద నా పేరు. మాస్టారూ, మీకు జ్ఞాపిక ఇవ్వమని నాకు అప్పగించారు, అది బల్ల మీద ఉంది, అధ్యక్షులవారు ఇస్తారు. నేను మీకు ఈ కాగితం ఇస్తున్నాను. ఇందులో ఒక తప్పుంది, దిద్దండి. అందరి ముందూ దిద్దండి. రండి, ఆ మెట్టు చూసుకోండి, తమ్ముడూ ఒక చెయ్యి ఇవ్వు.

(మాస్టారు లేచి వస్తున్నారు)

ఆయన కళ్ళజోడు కుర్చీలోనే వదిలేసి వచ్చారు. జేబులోంచి పెన్ను తీశారు. మధ్యలో ఒక్క గీత. కొట్టేశారు. సరిగ్గా నా పేరు మీదే. చూశారు కదా, ఆయన కళ్ళకేమీ కాలేదు. నేనన్నది పచ్చి అబద్ధం. ఆయన వెళతారో ఉంటారో ఆయన ఇష్టం, ఆ కుర్చీలో మాత్రం నేను కూర్చోను. ఇది అధ్యక్షులవారికి ముందే చెప్పాల్సింది, చెప్పే ధైర్యం ఇప్పుడే వచ్చింది. ఏమంటున్నారు మాస్టారూ? "కొట్టేసిన చోట ఏం రాయాలి?" అంటున్నారు. ఏమీ వద్దండీ. ఖాళీగా వెళ్ళనివ్వండి. వారు వద్దన్నారు.

ఎవరో లేచారు. అమ్మా, బయటికి దారి అటు వైపు. కాదా? రండి, ఆవిడకి దారి ఇవ్వండి. బాబాయ్, మీరు లేవకండి. మీరెక్కడికీ వెళ్ళకండి. (కుర్చీల చప్పుడు) ఏమంటున్నారమ్మా? వెనకవాళ్ళకి వినబడలేదు... సరే, నేను చెబుతాను, వాళ్ళాయన్ని అడుగుతున్నారు. "అయితే మీరు నిద్రపోయేవారు కాదా? ఇన్నేళ్ళూ?" అని అడుగుతున్నారు.

దానికి జవాబు ఈ మైకులో రావలసింది కాదు. ఇంతసేపు ఓపిక పట్టినందుకు అధ్యక్షులవారికి, తాళంచెవి నా చేతిలో పెట్టినందుకు మాస్టారికి, నన్ను మధ్యలో ఆపి బయటికి పంపనందుకు మీ అందరికీ నా కృతజ్ఞతలు. మనం కిందికి దిగుదాం, పదండి, వాళ్ళిద్దరినీ ఈ గదిలో కాసేపు మాట్లాడుకోనిద్దాం. బృందం నుంచీ, మీ అందరి దగ్గరా, నాకూ ఇక సెలవు.